పదిహేడేళ్లుగా వింటున్న పచ్చి రికార్డు: ద లిబర్టీన్స్ ‘అప్ ద బ్రాకెట్’

పోయిన నెల పాత కారు అమ్మేశాను. ఇచ్చేసే ముందు డ్యాష్‌బోర్డు అర ఖాళీ చేస్తుంటే ఇన్సూరెన్స్ కాగితాల కింద ‘అప్ ద బ్రాకెట్’ సీడీ దొరికింది. పెట్టె మూత విరిగిపోయింది, లోపలి కాగితం అంచులు పసుపెక్కాయి, డిస్కు నిండా గీతలు. 2008లో లండన్‌లో ఒక చారిటీ షాపులో ఒక పౌండు పెట్టి కొన్నది. కొత్త కారులో సీడీ పెట్టే చోటే లేదు. అందుకని ఇంటికి తెచ్చి, అటక మీద నుంచి పాత ప్లేయర్ దింపి, ఆ రాత్రి అందరూ పడుకున్నాక మొదటి పాట నుంచి చివరి పాట దాకా కదలకుండా విన్నాను. ఈ రికార్డును వేరే పని ఏదీ చేయకుండా, దాని కోసమే కూర్చుని విని చాలా ఏళ్లయింది. అది విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ద లిబర్టీన్స్ లండన్ బ్యాండ్. పీట్ డోహర్టీ, కార్ల్ బరాట్ ఇద్దరూ పాడతారు, ఇద్దరూ గిటార్ వాయిస్తారు. బాస్ జాన్ హాసల్, డ్రమ్స్ గ్యారీ పవెల్. ఇది వాళ్ల మొదటి ఆల్బం, 2002 అక్టోబర్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చింది. ప్రొడ్యూసర్ పాత పంక్ బ్యాండ్ ద క్లాష్ గిటారిస్టు మిక్ జోన్స్. పన్నెండు పాటలు, మొత్తం కలిపి 36 నిమిషాలు. బ్రిటన్ చార్టులో 35వ స్థానం దాకా వెళ్లింది, అంతే. అప్పటికి ఏడాది ముందే న్యూయార్క్ నుంచి ద స్ట్రోక్స్ వచ్చి ఊపేశారు, డెట్రాయిట్ నుంచి ద వైట్ స్ట్రైప్స్ వచ్చారు, గ్యారేజ్ రాక్, అంటే పూత లేని పచ్చి గిటార్ల రాక్, అమెరికాదే అన్నట్టుండేది. అప్పుడు లండన్ నుంచి వచ్చిన జవాబు ఇది అని పత్రికలు రాశాయి. జవాబు సంగతి నాకు పెద్దగా పట్టలేదు, నేను వినేనాటికి ఆ గొడవంతా సద్దుమణిగింది, బ్యాండ్ కూడా అప్పటికి విడిపోయి ఉంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు నచ్చలేదు, ఆ మాట దాచను. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన చెవి నాది. అందులో వయొలిన్ ఎక్కడ మొదలవ్వాలో అక్కడే మొదలవుతుంది, ఫ్లూట్ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. ఇక్కడేమో పాట మొదట్లోనే గిటార్లు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు ఉన్నాయి, గొంతు శ్రుతికి కొంచెం కిందుగా జారుతోంది, పదాలు సగం మింగేస్తున్నాడు. రిహార్సల్ టేపు పొరపాటున అచ్చు వేసేశారేమో అనిపించింది. పౌండు పోతే పోయిందిలే అనుకుని పక్కన పడేశాను.

మళ్లీ చెవిన పెట్టింది 25వ నంబరు బస్సులో. అప్పుడు నేను మ్యానర్ పార్క్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి, సాయంత్రాలు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ పక్కన ఒక షాపులో పని. ట్యూబు (భూగర్భ రైలు) టికెట్టు ఖరీదు కాబట్టి రాత్రి వెనక్కి రావడం 25లోనే, అప్పట్లో అది మధ్యలో మడత పడే పొడుగాటి బస్సు, గంటకు పైనే పట్టేది, అంటే ఈ ఆల్బం రెండుసార్లు తిరిగేంత సేపు. హోబర్న్, బ్యాంక్, ఆల్డ్‌గేట్, వైట్‌చాపెల్, మైల్ ఎండ్, బో, స్ట్రాట్‌ఫర్డ్. ఒకరోజు బస్సు వైట్‌చాపెల్ రోడ్డు మీద ఆగి ఉండగా కిటికీలోంచి ‘వాలెన్స్ రోడ్’ అన్న బోర్డు కనిపించింది, సరిగ్గా ఆ రోజుల్లోనే టైటిల్ పాటలో ఆ పేరు నా చెవిన పడింది. ఒకప్పటి లండన్ గూండాలు క్రే సోదరుల ఇల్లు ఉన్న రోడ్డు అది. ఇంకాస్త ముందుకెళ్తే మైల్ ఎండ్ రోడ్డు మీద క్వీన్ మేరీ కాలేజీ, డోహర్టీ ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి చేరి, పూర్తి చేయకుండా వదిలేసిన చోటు. బెత్నల్ గ్రీన్‌లో టీస్‌డేల్ స్ట్రీట్ అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. ఆ వీధిలో వాళ్లిద్దరూ కలిసి ఉన్న ఫ్లాటుకి ‘ఆల్బియన్ రూమ్స్’ అని పేరు పెట్టుకుని, ఈ రాత్రి మా ఇంట్లో కచేరీ రండి అని ఇంటర్నెట్‌లో చెప్పి, వచ్చినవాళ్లందరికీ ముందు గదిలోనే వాయించేవాళ్లు.

అంటే నేను రోజూ బస్సులో వెళ్లే దారి ఈ రికార్డులో ఉంది. టూరిస్టు లండన్ కాదు, తడిసిన పేవ్‌మెంటు, చికెన్ షాపు లైటు, మూసిన మార్కెట్ షట్టర్లు ఉన్న లండన్. ఆ దారిలో వింటే గరుకుదనం తప్పులా అనిపించడం మానేసింది.

ఇక ఆ గరుకుదనం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బం మీద అందరూ చెప్పే మాట ‘నిర్లక్ష్యంగా వాయించారు, అదే అందం’ అని. పదిహేడేళ్లు విన్నాక నేను ఆ మాట ఒప్పుకోను. లండన్‌లోనే సెయింట్ జాన్స్ వుడ్‌లో RAK అనే స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు, డబ్బున్నవాళ్లు ఉండే పేట, మంచి స్టూడియో. అక్కడ మిక్ జోన్స్ చేసిన పని ఏమిటంటే, నలుగురినీ ఒకే గదిలో నిలబెట్టి, పాటను మళ్లీ మళ్లీ వాయించనిచ్చి, అందులో ప్రాణం ఉన్న టేక్ ఎంచుకోవడం. తర్వాత దాని మీద పెద్దగా పూత పూయలేదు. ఒక్కొక్క వాయిద్యాన్ని విడివిడిగా రికార్డు చేసి అతికిస్తే అంతా గీత గీసినట్టు ఉంటుంది, కానీ ఒకరు తొందరపడితే ఇంకొకరు వెనక పరుగెత్తడం అందులో వినిపించదు. ఇక్కడ వినిపిస్తుంది. ‘హారర్‌షో’లో గిటార్లు గుక్క తిప్పుకోకుండా పరుగెడుతుంటే ఎక్కడ తాళం తప్పుతారో అని మనకే టెన్షన్ వస్తుంది, తప్పరు. తప్పకుండా ఎవరు పట్టుకున్నారు అన్నది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

గ్యారీ పవెల్. మొదటి ఐదారేళ్లు నేను ఈ డ్రమ్స్ పట్టించుకోనే లేదు, అందరిలాగే ముందు నిలబడ్డ ఇద్దరినే విన్నాను. పవెల్ మిగతావాళ్లకంటే పదేళ్లు పెద్ద, అమెరికాలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగినవాడు, అంతకుముందు రెగే గాయకుడు ఎడ్డీ గ్రాంట్ దగ్గర వాయించిన అనుభవం ఉన్నవాడు. ‘ద గుడ్ ఓల్డ్ డేస్’ పెట్టి డ్రమ్స్ ఒక్కటే వినండి. టామ్స్ అనే లోతు గొంతు డ్రమ్ముల మీద దొర్లిస్తూ మొదలుపెడతాడు, పాట వేగం మారినప్పుడల్లా ముందుగా మలుపు తిప్పేది అతనే, గిటార్లు అతని వెనక వస్తాయి. పెళ్లి ఊరేగింపులో డోలు మనిషిని చూశారా, సన్నాయి ఎంత గాల్లోకి ఎగిరినా అతను కళ్లతోనే దాన్ని పట్టుకుని ఉంటాడు, అలా. పక్కన హాసల్ బాస్ కూడా అంతే, మధ్యలో ఒకసారి బ్యాండ్ వదిలేసి రికార్డు ఒప్పందం కుదిరాక తిరిగి వచ్చినవాడు, ఎక్కడా తన కోసం ఒక్క నోటు ఎక్కువ వాయించడు. ఈ ఇద్దరూ గట్టిగా నిలబడబట్టే ఆ ఇద్దరికి తూలే స్వేచ్ఛ దొరికింది. ఈ ఒక్క మాట చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను అనుకున్నా పర్వాలేదు. పచ్చిగా వినిపించే రికార్డుల్లో చాలావాటికి ఈ వెన్నెముక ఉండదు, అందుకే రెండేళ్లకే పాతబడతాయి.

ముందున్న ఇద్దరి సంగతి. పాటలు ఇద్దరి పేరు మీదా వస్తాయి, ఏ లైను ఎవరిదో చాలాచోట్ల చెప్పలేం. మన జంటకవులు గుర్తొస్తారు. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి 1920లో పోయినా చెళ్లపిళ్ల వారు ఇద్దరి పేరు మీదే రాశారు కదా, అంత నమ్మకం వీళ్ల మధ్య మిగల్లేదు పాపం. కానీ ఈ 36 నిమిషాల్లో మాత్రం ఉంది. ‘డెత్ ఆన్ ద స్టెయిర్స్’లో ఒకరి మాట నోట్లో ఉండగానే రెండోవాడు అందుకుంటాడు. ‘బాయ్స్ ఇన్ ద బ్యాండ్’లో బుర్రకథ వంతల్లా ఎదురుబొదురుగా అరుచుకుంటారు. గొంతులు కలిసినప్పుడు కూడా పూర్తిగా కలవవు, రెండింటి మధ్య సన్నటి సందు ఉంటుంది, ఆ సందులోంచే పాటలోకి గాలి వస్తుంది. ఒకే మైకు దగ్గర ముఖాలు తగిలేంత దగ్గరగా నిలబడి పాడే అలవాటు వాళ్లది. స్టూడియోలో ఎలా నిలబడ్డారో గానీ, వింటే అలాగే కనిపిస్తుంది.

‘టైమ్ ఫర్ హీరోస్’ ఈ ఆల్బంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట, 2008లోనూ అదే, ఇప్పుడూ అదే. లండన్ మే డే అల్లర్ల నుంచి పుట్టిన పాట. లాఠీలు, పరుగులు, తలలు పగలడం ఉంటాయి, దాని మధ్యలో బేస్‌బాల్ టోపీ పెట్టుకున్న ఇంగ్లీషువాణ్ణి చూసి దిగులుపడే లైను ఒకటి ఉంటుంది. మొదట్లో అది నాకు వట్టి ఫ్యాషన్ గొడవలా అనిపించింది. అక్కడ రెండేళ్లు ఉన్నాక తెలిసింది, తన ఊరి మాట, తన ఊరి బట్ట, తన ఊరి యాస పోయి అంతా అమెరికా నకలు అయిపోతోందన్న బాధ అది. పాటలు అమెరికా యాసలో పాడటం బ్రిటిష్ బ్యాండ్లకి మామూలే, వీళ్లు తూర్పు లండన్ నోటితోనే పాడారు. మన దగ్గర కూడా ఎవరి యాసలో వాళ్లు పాడటానికి సిగ్గుపడిన రోజులున్నాయి కాబట్టి ఇది నాకు బాగా తగిలింది. గిటార్ సోలో అయితే నాలుగు ముక్కలే, పెద్ద విద్య ఏమీ లేదు, ఈల వేసుకోగలిగే సోలో, కానీ ఇప్పటికీ అక్కడికి వచ్చేసరికి వంటింట్లో ఉన్నా చేతిలో పని ఆగిపోతుంది.

టైటిల్ పాట పీట్ పెట్టే ఒక పొలికేకతో మొదలవుతుంది. ‘బ్రాకెట్’ అంటే పాత లండన్ వాడుకలో గొంతు, గొంతు మీద గుద్దుతా అనే బెదిరింపులో వచ్చే మాట. 1950ల్లో రేడియోలో నవ్వించిన టోనీ హాన్‌కాక్ నోట ప్రసిద్ధమైంది, డోహర్టీకి ఆయనంటే ప్రాణం. వీళ్ల పాటల నిండా ఇలాంటి పాత ఇంగ్లండ్ ముక్కలు దొరుకుతాయి, బ్రిటన్ పాత పేరు ఆల్బియన్ అంటారు, కావ్యాల్లోని కలల లోకం ఆర్కేడియా అంటారు, రోమన్ల మీద తిరగబడ్డ బోడిసియా రాణి వస్తుంది. ఊహలో కట్టుకున్న దేశం అది. ‘ద గుడ్ ఓల్డ్ డేస్’లో చివరికి వాళ్లే చెప్తారు, పాత మంచి రోజులంటూ వేరే లేవు, ఉన్నవి ఇవే అని. ఇరవై ఏడేళ్లప్పుడు ఆ మాట పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు నలభై నాలుగు. మ్యానర్ పార్క్ గదిలో ఒకే కుక్కర్‌లో అన్నం వండుకుని, పచ్చడి సీసా పంచుకున్న ఆ నలుగురిలో ఒకడు డల్లాస్‌లో, ఒకడు మెల్‌బోర్న్‌లో, ఒకడు ఇక లేడు. పాట మారలేదు, వినే మనిషి మారాడు.

నచ్చనివి కూడా చెప్పాలి. ‘రేడియో అమెరికా’ నాకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పట్టలేదు. నెమ్మదిగా సాగే పాట ఒకటి మధ్యలో ఉండాలన్న ఆలోచన సరైనదే కావచ్చు, కానీ ఆ మాటలు అసలు వినిపించవు, పాట ఎటూ వెళ్లదు. ‘బెగ్గింగ్’ కూడా సగం దాకా బాగుండి తర్వాత లాగుతుంది. ‘టెల్ ద కింగ్’ మీద మాత్రం నా అభిప్రాయం మారింది, అప్పట్లో దాటేసేవాణ్ణి, ఇప్పుడు దాంట్లో ఉన్న దిగులు తెలుస్తోంది. ‘ద బాయ్ లుక్డ్ ఎట్ జానీ’ సరదాగా, లాలాలా అంటూ పోతుంది. న్యూయార్క్ రాత్రిళ్లు అందంగా ఉంటాయి సరే, నీకు లండన్‌లోని సోహో గుర్తురావడం లేదా అని అడుగుతుంది, అప్పటి న్యూయార్క్ మోజు తెలిస్తే ఆ పోటు అర్థమవుతుంది. చివరి పాట ‘ఐ గెట్ అలాంగ్’ కార్ల్ పాడింది. మధ్యలో అంతా టక్కున ఆగి ఒక్క బూతు మాట పడుతుంది, మళ్లీ అందరూ ఒకేసారి మీద పడతారు. పిల్లలతో కారులో వెళ్తున్నప్పుడు ఆ పాట ముందే ఆపేస్తాను.

ఇంకో విషయం, దీన్ని దాటేసి సమీక్ష రాయడం నా వల్ల కాదు. ఈ పాటల్లో మత్తుమందు చాలా ఉంది, కొన్నిచోట్ల అది గొప్ప సాహసంలా వినిపిస్తుంది. 2003 జూలైలో, తనను వదిలేసి బ్యాండ్ జపాన్ టూరుకి వెళ్లినప్పుడు, డోహర్టీ కార్ల్ ఫ్లాటు తలుపు పగలగొట్టి దొంగతనం చేశాడు, జైలుకి వెళ్లాడు. అక్టోబర్‌లో విడుదలైన రోజే కార్ల్ జైలు బయట ఎదురుచూసి తీసుకెళ్లాడు, ఆ రాత్రే చాథమ్‌లో ఒక పబ్బులో నలుగురూ కలిసి వాయించారు. 2004లో రెండో ఆల్బం నంబర్ వన్ అయింది, ఆ ఏడాది చివరికి బ్యాండ్ ముగిసింది. ఈ కథను కుర్రవయసులో నేను కూడా ముచ్చటగా చెప్పుకున్నాను. ఇప్పుడు అలా చెప్పను. నాకు దగ్గరివాడు ఒకడు తాగుడుతో ఎలా కరిగిపోయాడో చూశాక ‘హారర్‌షో’లో ఆ హుషారు వింటే గుండె కలుక్కుమంటుంది. పాట గొప్పదే. మనుషులు అలా కాలిపోతేనే ఇలాంటి పాట వస్తుందన్న మాట అబద్ధం. దానికి సాక్ష్యం వాళ్లే, డోహర్టీ మత్తుమందులు మానేసి ఇప్పుడు ఫ్రాన్స్‌లో నార్మండీలో ఉంటున్నాడు, 2024లో నలుగురూ కలిసి మార్గేట్‌లో తమ సొంత హోటల్ స్టూడియోలో చేసిన ఆల్బం బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అదే నలుగురు, ఇరవై రెండేళ్ల తర్వాత. ఆ వార్త చదివిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

ఎందులో వింటే బాగుంటుంది అని అడిగేవాళ్ల కోసం నా అనుభవం. ఫోన్ స్పీకర్ మీద వద్దు, బాస్ మొత్తం మాయమై గిటార్ల గీరుడు మాత్రమే మిగులుతుంది, అలా విని ఈ రికార్డు బాగాలేదని తేల్చేసినవాళ్లు నాకు తెలుసు. చవక ఇయర్‌ఫోన్లలోనూ డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి పళ్లేలు (సింబల్స్) చెవులు కోస్తాయి. ఒక మాదిరి స్పీకర్లు ఉంటే చాలు, కాస్త గట్టిగా పెట్టాలి, మెల్లగా పెడితే ఈ పాటలు మూలుగుతున్నట్టు ఉంటాయి. కారులో భలే ఉంటుంది. 2022లో ఇరవై ఏళ్ల పండుగకి సరిచేసిన కొత్త ఎడిషన్ వచ్చింది. అందులో 2002లో లండన్‌లోని 100 క్లబ్‌ అనే కచేరీ హాల్లో వాయించిన కచేరీ కూడా ఉంది, ఆ కచేరీ కోసమైనా వినాలి, స్టూడియోలో మిక్ జోన్స్ ఎంత తక్కువ కలగజేసుకున్నాడో రెండూ పక్కపక్కన పెట్టి వింటే తెలుస్తుంది. ఎల్పీ కూడా తెప్పించాను. ఆన్‌లైన్‌లో కొన్న చోటి నుంచి వంపు తిరిగిన డిస్కు వచ్చింది, వెనక్కి పంపి మార్పించుకోవడానికి నెలన్నర తిరగాల్సి వచ్చింది. మారి వచ్చిన కాపీలో బాస్ గుండ్రంగా, నిండుగా ఉంది. కానీ నేను ఎక్కువగా వినేది ఇప్పటికీ ఆ పౌండు సీడీయే. ‘టెల్ ద కింగ్’ మొదట్లో గీత ఉన్న చోట చిన్నగా తడబడుతుంది, వేరే కాపీలో ఆ తడబాటు లేకపోతే నాకే వెలితిగా ఉంటుంది.

మొదటిసారి వినేవాళ్లు వరుసలో పోకండి. ముందు ‘టైమ్ ఫర్ హీరోస్’, తర్వాత ‘డెత్ ఆన్ ద స్టెయిర్స్’, తర్వాత ‘ద గుడ్ ఓల్డ్ డేస్’. మాటలు అర్థం కాకపోతే కంగారు పడొద్దు, నాకు పూర్తిగా అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది, కొన్ని లైన్లు ఇప్పటికీ ఊహే. ఈ మూడూ పట్టుకుంటే అప్పుడు మొదటి పాట ‘వర్టిగో’ నుంచి మొదలుపెట్టి మొత్తం వినండి. శుభ్రంగా, సాఫీగా ఉండే సంగీతమే కావాలనుకునేవాళ్లకి నేనిది చెప్పను, వాళ్ల ఇష్టం వాళ్లది.

మా పెద్దమ్మాయికి పన్నెండేళ్లు, కీబోర్డు నేర్చుకుంటోంది. ఆ రాత్రి నేను వింటుంటే నీళ్ల కోసం లేచి వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విని, “నాన్నా, వీళ్లు కరెక్ట్‌గా వాయించడం లేదు కదా?” అంది. పక్కన కూర్చోబెట్టుకుని, గిటార్లు వదిలేసి డ్రమ్స్ ఒక్కటే వినమని ‘ద గుడ్ ఓల్డ్ డేస్’ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. పాట సగంలో వేగం మారే చోట తలెత్తి నా వైపు చూసింది.